మా చేనుకు నాలుగు స్పానిష్ మాటలు

మా మరిది చెప్పే కథ మీరు వినే ఉంటారు. వినకపోతే పావగడలో హొసకోట బస్సెక్కి కూర్చోండి, దిగేలోపు ఎవరో ఒకరు వినిపిస్తారు. స్పెయిన్ దేశం నుంచి ఒకామె సోలార్ పార్కు ఊళ్ల మీద పుస్తకం రాయడానికి వచ్చిందట. మా అత్త ఫోటో అందులో వేస్తానందట. నేను ఒక్క మాట దగ్గర పట్టుబట్టి, లాడ్జీ దాకా వెంటపడి పోట్లాడి, తెల్లవారేసరికి ఆమెను దేశం దాటించానట. "మా వదినకు డిగ్రీ ఇచ్చినోళ్లను పట్టుకోవల్లప్పా" అని ముగిస్తాడు. జనం నవ్వుతారు. చెప్పడం బాగానే చెప్తాడు, చెప్పేదాంట్లోనే తప్పులున్నాయి.

ఒక్క మాట కాదు, నాలుగు. ఆమె నా వల్ల వెళ్లిపోలేదు, నా వల్ల రెండు రోజులు ఎక్కువ ఉంది. లాడ్జీలో వాదన జరిగిన మాట నిజమే. కానీ అది, అంతకుముందు నేను గెలిచిన వాదనను నేనే వెనక్కి ఇచ్చేయడానికి జరిగింది. గెలిచినదాన్ని వెనక్కివ్వడం మా మరిది జన్మలో చేసి ఎరగడు కాబట్టి ఆ భాగం అతని కథలో లేకపోవడం సహజం.

స్పెయిన్ ఆమెది నా వయసే. నాలాగే కూర్చుని లేచేటప్పుడు నడుం పట్టుకునేది. పావగడలో లాడ్జీలో దిగి, రోజూ ఒక కారు మాట్లాడుకుని మా ఊరికి వచ్చేది. మాది రాయచెర్లు దాటాక వచ్చే ఊరు. ఊరికి మూడు వైపులా సోలార్ పలకలు, నాలుగో వైపు రోడ్డు. ఆమె వేస్తున్నది ఫోటోల పుస్తకం. పేజీకి ఒక మనిషి, ఆ మనిషి వెనక సోలార్ కిందికి పోయిన ఆ మనిషి భూమి. ఫోటో కింద ఒకే ఒక్క వాక్యం. అందులో వయసు, ఊరు, ఆ భూమిని ఏమంటారన్నది. అంతకుమించి చోటు లేదు.

ఒక్క వాక్యమేగా అనుకోకండి. భూమి రికార్డు పహణిలో మా అత్త పేరు ఎప్పుడూ లేదు. మొదట మామది ఉండేది, ఇప్పుడు కొడుకులవి ఉన్నాయి. లీజు కాగితంలోనూ కొడుకులవే. ఓటరు చీటీలో ఆమె పేరుంది, కానీ వయసు తప్పు, ఫోటో ఇంకెవరిదో అనిపించేంత నలుపు. ఆమె గురించి ఈ భూమ్మీద సవ్యంగా అచ్చయ్యే వాక్యం ఏదైనా ఉంటే అది ఇదే. ముప్పై ఏళ్లు ఆ చేన్లో రాళ్లు ఏరిన మనిషికి ఒక్క వాక్యం. అది తప్పు పడకూడదని నా పట్టుదల. పట్టుదల అని నేనంటాను. ఊళ్లో దీనికి వేరే మాట ఉంది.

దుబాసీగా నన్నెందుకు పెట్టుకుందంటే, ఇంగ్లీషు, తెలుగు, కన్నడం మూడూ వచ్చి, పగటిపూట ఇంటి దగ్గర ఉండే మనిషిని ఈ చుట్టుపక్కల నేను ఒక్కదాన్నే. హొసకోటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ప్రిన్సిపాల్‌తో మాట వచ్చి మానేశాను. ఆ కథ వేరే. అందులోనూ తప్పు నాది కాదు.

ఫోటో తీసిన పొద్దున మా అత్త ఉతికిన చీర కట్టుకుని కంచె పక్కన నిలబడింది. మా మరిది కూడా వచ్చాడు. పార్కులో పలకలు కడిగించే పని మనుషులను చూసుకునేది అతనే. మా వీధి కొళాయికి వారానికొకసారి నీళ్లు వస్తాయి, ఆ పలకలకు మాత్రం స్నానం తప్పదు. అందుకని పార్కు విషయంలో తనను అడక్కుండా ఆకు కూడా రాలకూడదని అతని అభిప్రాయం. కంచె లోపల పలకల వరుసలు గుట్ట దాకా పోయాయి. గెనిమె గట్లన్నీ చదును చేసేశారు కాబట్టి ఎవరి చేను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగేదో కొత్తవాళ్లకు తెలియదు. మా అత్తకు తెలుసు. ఆమె ఏరి పోసిన రాళ్ల కుప్ప కంచె బయట మిగిలిపోయింది. మనిషెత్తు కుప్ప. దాని ఎదురుగా నిలబడి, ఇక్కణ్ణుంచి అక్కడికి, అని చేత్తో గీత గీసినట్టు చూపించింది.

స్పెయిన్ ఆమె రికార్డరు ముందుకు పెట్టి ఇంగ్లీషులో అడిగింది. నేను తెలుగులో అడిగాను.

"అత్తా, ఈ చేను పేరేందని అడుగుతాండాది."

"పేరు లేదు."

"ఏమీ లేదా?"

"చేనుకు పేరేందిమే. చేను. అంతే."

నేను స్పెయిన్ ఆమె వైపు తిరిగి, దీనికి పేరు లేదట, అని ఇంగ్లీషులో అప్పజెప్పాను. జరిగిన తప్పు అదీ. అది నాది. మా మరిది కథలో నా తప్పులు బోలెడున్నాయి కానీ నిజంగా చేసినదొక్కటీ లేదు.

చేనుకు పేరుంది. మా మామ పేరే దాని పేరు. ఆయన పేరు పెట్టి, చివర చేను అని కలిపి, ఊళ్లో మగవాళ్లందరూ అలాగే అంటారు. మా ఇంట్లో ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు. మా అత్త ఇంకో నాలుగడుగులు ముందుకు పోయింది. మామది దేవుడి పేరు కావడంతో ఆ దేవుడికి మొక్కుకున్నా పేరు ఎత్తకుండానే మొక్కుకుంటుంది, ఎవరికి మొక్కిందో ఆయనే అర్థం చేసుకోవాలి. నాడకచేరి ఆఫీసులో గుమాస్తా "గండన హెసరు ఏనమ్మా" అని మొగుడి పేరు అడిగితే వెనక వరుసలో నిలబడ్డవాళ్ల వైపు చూస్తుంది, వాళ్లలో ఒకరు చెప్పాలి. అలాంటి మనిషిని పట్టుకుని, మొగుడి పేరు మోసే చేను పేరు చెప్పమంటే ఏం చెప్తుంది? లేదంటుంది. లేదనే అంది.

మరి నువ్వెందుకు చెప్పలేదూ అని అడుగుతారు. అడగాలి కూడా. నేను బ్యాంకులో కౌంటరు ముందు మా ఇంటాయన పేరు గట్టిగా చెప్తాను. కాలేజీలో ఆడపిల్లల ముందు బోర్డు మీద రాసి చూపించిన రోజుంది, పేరు పలికితే ఆయుష్షు తగ్గదని రుజువు చేయడానికి. ఆ పొద్దున మాత్రం, ఒక పక్క మా అత్త, ఎదురుగా మా మరిది, మామ పేరు నా నాలుక మీదికి రాలేదు. డిగ్రీ నాలుక దాకా వచ్చి ఆగిపోయింది.

మరుసటి రోజు స్పెయిన్ ఆమె తన లాప్‌టాప్‌లో మా అత్త పేజీ చూపించింది. ఫోటో అద్భుతంగా ఉంది. దాని కింద స్పానిష్‌లో రాసినదాన్ని నాకు ఇంగ్లీషులో చదివి వినిపించింది. ఎన్నడూ పేరు పెట్టని నేల, అట. పుస్తకం ముందుమాటలో కూడా ఈ సంగతి రాస్తుందట. ఇక్కడి మనుషులు భూమికి పేరు పెట్టి సొంతం చేసుకోరు, దాని పక్కన వినయంగా నిలబడతారు, అని.

మా తాలూకాలో ఒక జానెడు గెనిమె కోసం అన్నదమ్ములు తాతల కాలం నుంచి కోర్టుకు తిరుగుతున్నారు. వాళ్ల లాయర్లు పావగడలో మేడలు కట్టారు. ఆ వినయం గురించి ఆమెకు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలియక, ముందు నా తప్పు ఒప్పుకున్నాను. పేరు లేకపోవడం కాదు, పేరు పలకకూడదు, అన్నాను. పైగా ఒకటి కాదు. పహణిలో సర్వే నంబరుంది. సోలార్ వాళ్లు వచ్చాక బ్లాకు నంబరు పెట్టారు. మగవాళ్లు మా మామ పేరుతో అంటారు. ఆడవాళ్లు, కలుపుకు పోయేవాళ్లు, కాయ కోసేవాళ్లు, సద్ది మోసేవాళ్లు, అందరూ మొండిదాని చేను అంటారు. మొండిది అంటే మా అత్త. వానలు రెండేళ్లు మోసం చేసినా మూడో ఏడు మళ్లీ విత్తనం వేసిన మనిషి. ఆ పేరు ఆమె సంపాదించుకున్నది, అన్నాను. నా విద్యార్థులకు కూడా ఎన్నో సార్లు అలాగే చెప్పాను.

స్పెయిన్ ఆమె మొహం వాడిపోయింది. ఇంత మంచి పేరులేనితనం చేతికి వచ్చి పోతుంటే ఎవరికైనా బాధే. కానీ పని మీద శ్రద్ధ గల మనిషి. ఆ రోజు వెళ్లాల్సిన కారును వద్దంది, ప్రయాణం రెండు రోజులు వెనక్కి జరిపింది, నా వంటింటి గడప మీద కూర్చుని నోటుపుస్తకం తీసింది. నేను సంగటి కెలుకుతూ వింటున్నాను.

స్పానిష్‌లో ఒకదాన్ని ఫలానా అంటారు అని చెప్పడానికి ఆమె నాలుగు మాటలు రాసింది. యమాదో. దెనొమినాదో. కొనొసీదో కొమో. అపొదాదో. పైకి అన్నీ ఒకటే, అనబడే అని. లోపల వేరు. దెనొమినాదో అంటే అధికారం ఉన్నవాళ్లు నిర్ణయించి పెట్టిన పేరు, దాని వెనక ఒక ఆఫీసు ఉండాలి. యమాదో అంటే అక్కడి మనుషులు మామూలుగా పిలిచే పేరు. అయితే దాన్ని పేరుకు ముందు ఒక తీరులో పెడితే మర్యాద, ఇంకో తీరులో పెడితే వెటకారం, జాగ్రత్తగా ఉండాలి అంది. కొనొసీదో కొమో అంటే అసలు పేరు వేరే ఉన్నా లోకానికి ఇలా తెలుసు అని. అపొదాదో అంటే అడ్డపేరు, పక్కవాళ్లు సరదాకో ఎగతాళికో తగిలించింది.

మా తెలుగులో ఈ గొడవ లేదు. అనే అని ఒక్క మాట పెట్టుకుని కలెక్టర్ అనే ఆయనను, దొంగ అనే ఆయనను ఒకే బండిలో ఎక్కిస్తాం. ఎవరు పెట్టారు, ఎవరు పిలుస్తారు, ఎవరు నవ్వుతున్నారు అన్నది వినేవాడి ఖర్మ. వాళ్లకు అలా కుదరదు. పేరు చెప్పే ముందే, ఆ పేరు పెట్టినవాడి హోదా చెప్పాలి. ఇది చూసి నాకు భలే ముచ్చటేసింది. ఇన్నేళ్లు నేను ఊళ్లో ఏ సంగతి కోసం నోరు చేసుకుంటున్నానో దానికి ఆ దేశంలో నిఘంటువే ఉంది.

వాక్యంలో ఒక్క పేరుకే చోటు, ఒక్క మాటకే చోటు. నంబర్లు రెండూ దెనొమినాదోలో పడతాయి, వాటిని తీసి పక్కన పెట్టాం. మిగిలినవి మగవాళ్ల పేరు, ఆడవాళ్ల పేరు. ఆమె ఏమాత్రం సందేహం లేకుండా మామ పేరుకు యమాదో రాసింది, మొండిదాని చేనుకు అపొదాదో రాసింది. అసలు పేరు వాక్యంలోకి, అడ్డపేరు బయటికి.

గరిటె పక్కన పెట్టాను. ఎందుకూ అన్నాను.

ఊరంతా అనేది మొదటిది కదా, రెండోది ఆడవాళ్లు తమలో తాము అనుకునేది కదా, అంది.

ఊరంతా అంటే ఎవరు, అన్నాను. టీ హోటలు బెంచీ మీద ఉన్న ఏడుగురా? ఆ చేన్లో వంగి పని చేసినవాళ్లను లెక్క తీస్తే పది మందిలో తొమ్మిది మంది ఆడవాళ్లు. తొమ్మిది మంది పిలిచేది అడ్డపేరు, గట్టు మీద గొడుగేసుకుని నిలబడినవాడు పిలిచేది అసలు పేరా? మీ నిఘంటువు రాసింది మగవాళ్లేనా?

ఆమె కలం నోట్లో పెట్టుకుని ఆలోచించింది. అప్పుడే మా మరిది లోపలికి వచ్చాడు. సంగటి వాసనకు వచ్చాడో, పుస్తకం సంగతి తెలిసి వచ్చాడో.

"ఏం వదినా, పరీక్షలా?"

"ఆ. నీకు గూడా ఒగ ప్రశ్న ఉండాది. మీ నాయన చేనుకు ఈ నాల్గిట్లో ఏది ఎయ్యల్ల చెప్పు."

ఒక్కొక్కటి చదివించుకున్నాడు. యమాదో దగ్గర మొహం చిట్లించాడు. "అదేంది, యముడి పేరు లెక్క ఉండాది. చచ్చిపోయినాయనకు అదెట్ల ఏస్తారు? ఆ రెండోది ఏయమను. దెనొమినాదో. అదే పొడుగుండాది. ముందర శ్రీ గూడా పెట్టల్ల."

"స్పానిష్‌లో శ్రీ యాడిదిప్పా."

"ఏం, వాళ్లకు పెద్దోళ్లంటే గౌరవం లేదా?"

ఏమంటున్నాడని స్పెయిన్ ఆమె అడిగింది. మీ దేశంలో పెద్దలంటే గౌరవం లేదా అంటున్నాడన్నాను. ఉంది, కానీ పొలాలకు శ్రీలు తగిలించం, అని చెప్పమంది. చెప్పాను.

"అందుకే వాళ్ల పొలాల్లో ఏమీ పండక ఈడికొచ్చినారు" అని సంగటి గిన్నె దగ్గరికి లాక్కున్నాడు మా మరిది. "వదినా, నేను చెప్తాండా. నాయన పేరు తీసేసి నువ్వు ఇంగేమన్నా ఏయిస్తివో, బాగుండదు."

"మీ నాయన పేరు పహణిలో ఉండె, చేను కాడ బోర్డు మీద ఉండె, బోరు మోటరు మీద గూడా పెయింటుతో రాసిరి. ఇంగా యాడ రాయల్లప్పా, చందమామ మీదనా?"

దానికి అతను గిన్నె ముందుకు తోశాడు. రెండో ముద్ద అడిగాడు.

రెండు రోజులు ఇదే నడిచింది. స్పెయిన్ ఆమె ఊళ్లోకి పోయి తనకు తానుగా విచారించింది. పది మంది ఆడవాళ్లను నిలబెట్టి అడిగింది, నేను ఊరికే భాష మార్చి చెప్పే యంత్రంలా నిలబడ్డాను, ఒక్క ముక్క కలపలేదు. పదికి తొమ్మిది మంది కాదు, పది మందీ మొండిదాని చేను అనే అన్నారు. ఒకామె అయితే పార్కు లోపలికి గడ్డి కోయడానికి కూలికి పోయినప్పుడు కూడా, బ్లాకు నంబరు చెప్తే తెలియక, ఇది మొండిదాని చేను కదా అని అడిగి పని మొదలుపెడతామంది. స్పెయిన్ ఆమె నోటుపుస్తకంలో అపొదాదో కొట్టేసి, యమాదో రాసి, నాకు చూపించి, చేయి కలిపింది. నేను గెలిచాను.

గెలుపు వార్త మోసుకుని ఇంటికి వచ్చేసరికి మా అత్త వసారాలో కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. చేను పోయాక కూడా ప్రతి ఏడూ ఒక చేటెడు విత్తనం ఒలుస్తుంది, ఇంటి వెనక రెండు సాళ్లు వేయడానికి. నేను పక్కన కూర్చున్నాను.

"అత్తా, నీ చేను పేరు బుక్కులో ఎక్కుతాండాది."

"ఏ పేరు?"

"మొండిదాని చేను."

ఒలిచే చేతులు ఆగిపోయాయి. "ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"అందరూ అనేది అదే కదత్తా. ఆడోళ్లంతా…"

"ఆడోళ్లంతా అంటారు. ఎందుకంటారో ఒగనాడన్నా అడిగితివా?"

అడగలేదు. ఇరవై రెండేళ్లు ఆ ఇంట్లో ఉండి, ఆ పేరును ఊళ్లో, కాలేజీలో, పెళ్లిళ్లలో బిరుదులాగా ఊరేగించి, ఎప్పుడూ అడగలేదు. నాకు తెలుసనుకున్నాను. చదువుకున్నవాళ్లకు వచ్చే రోగం ఇదే. అర్థం తెలిస్తే చాలు, జరిగినది తెలియక్కర్లేదనుకుంటాం.

అప్పుడు చెప్పింది. వానలు మోసం చేసిన రెండో ఏడు, ఇంట్లో గింజ లేదు. మా అత్తకు అత్త, నేను చూడని మనిషి, కోడల్ని పుట్టింటికి పోయి గింజలు తెమ్మంది. ఈమె పోనంది. దాచిన విత్తనం తీసి మళ్లీ ఆ రాళ్లలోనే వేస్తానంది. ఆ ముసలామె వీధి మొగదల నిలబడి పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ ఆపి, "పోండే, ఆ మొండిదాని చేను సూసిరాపోండి, రాళ్లు మొలుస్తాండాయంట" అని అరిచిందట. అందరూ నవ్వారు. ఆ ఏడు కూడా వాన రాలేదు. మళ్లీ నవ్వారు. తర్వాత పంట వచ్చింది, మంచి పంటే వచ్చింది, కానీ అప్పటికి పేరు నిలబడిపోయింది.

"నవ్వుకుంటా పెట్టిరి, నవ్వుకుంటానే పిలిచిరి. నేను పలికినాను. పలకక ఏంజేస్తా, పనికి మనుషులు రావల్ల కదా. ఇప్పుడు నువ్వు దాన్ని తీసుకపోయి దేశాలకు చెప్తివా?"

అంటే స్పెయిన్ ఆమె మొదట రాసిన అపొదాదోనే సరైనది. ఎగతాళికి తగిలించిన పేరు. మా వంటింటి గడప మీద కూర్చుని, ఈ దేశం మొహం చూసి రెండు వారాలు కూడా కాని మనిషి కరెక్టుగా పట్టుకున్నదాన్ని, నేను రెండు రోజులు కష్టపడి తప్పు చేయించాను. పది మందిని సాక్ష్యం కూడా పెట్టించాను.

"అయితే మామ పేరే రాయించేదా అత్తా?"

"ఆయప్ప ఆ చేన్లో కాలు పెట్టింది ఎన్ని తూర్లో నాకు తెల్సు."

"నంబరు ఏయిస్తా."

"నంబరు ఎయ్యనీకి అదేమన్నా బస్సా?"

"మరేమని రాయమంటావు?"

ఆమె చేటను ఒడిలోంచి దించి పక్కన పెట్టింది. నా వైపు తిరిగింది. "ఆ పొద్దు నన్నడిగె. నేను చెప్తి. పేరు లేదంటి. నేను చెప్పింది తప్పని ఆయమ్మకు ఎవరు చెప్పిరి?"

"నేనే."

"నువ్వే మళ్ల. నన్నడిగినప్పుడు నేను చెప్పింది రాసేకి మీకు ఏం నొప్పి?"

చేట మళ్లీ ఒడిలోకి తీసుకుంది. నేను చెప్పులు వేసుకుని రోడ్డు మీదికి పోయి షేర్ ఆటో కోసం నిలబడ్డాను. స్పెయిన్ ఆమె మరునాడు పొద్దున్నే బెంగుళూరు పోయి విమానం ఎక్కాలి, పేజీలన్నీ ఆ రాత్రే పంపించేస్తానని చెప్పి ఉంది. ఆటోలో మేకపిల్లతో ఒకామె, సిమెంటు బస్తాతో ఇంకొకాయన. పావగడ చేరేదాకా నా తల తినడానికి నేనొక్కదాన్నే సరిపోయాను.

లాడ్జీలో ఆమె పెట్టె సర్దుకుంటోంది. విషయం చెప్పాను. పెట్టె మూత వదిలేసి మంచం మీద కూర్చుంది.

ఇప్పుడు ఆమె అన్నది న్యాయంగానే చెప్తాను. మొన్న నువ్వు, పేరు లేదంటే ఆమెను చెరిపేసినట్టే అన్నావు, ఇవాళ పేరు రాస్తే ఆమెను చెరిపేసినట్టే అంటున్నావు, ఏది నిజం, అంది. రెండూ అన్నాను. అలా కుదరదంది. పేరు లేదన్నది అబద్ధమని నువ్వే నిరూపించావు, అబద్ధం నేను అచ్చు వేయను, అంది. కవిత్వంగా ఉందనుకున్నప్పుడు అదే అబద్ధాన్ని ముందుమాటలో కూడా పెట్టబోయావు కదా, అన్నాను. అక్కడ ఆమె గొంతు పెరిగింది. నాది అప్పటికే పెరిగి ఉంది. ఆమె స్పానిష్‌లోకి దిగిపోయింది, నేను తెలుగులోకి దిగాను, అయినా ఒకరి మాట ఒకరికి బాగానే అర్థమైంది. కింద మేనేజరు టీవీ శబ్దం తగ్గించాడు. అతని బావమరిది మా మరిదికి స్నేహితుడు. మీరు బస్సులో వినే కథ పుట్టింది ఆ టీవీ శబ్దం తగ్గిన చోటే.

అరిచి అరిచి ఇద్దరం అలిసిపోయాం. ఆమె నీళ్లు తాగి నాకూ ఇచ్చింది. పోనీ, ఆమె సరిగ్గా ఏమంది, మళ్లీ చెప్పు, అంది. చెప్పాను. చేనుకు పేరేందిమే, చేను, అంతే. ఆమె రికార్డరు తీసి మా అత్త గొంతు వినింది. తెలుగు రాకపోయినా మూడుసార్లు వినింది. లాప్‌టాప్ తెరిచి యమాదోను తీసేసింది. నాలుగు మాటల్లో ఒక్కటీ పెట్టలేదు. దీసే అని రాసింది. అంటుంది, అని. తన చేను ముందు నిలబడి, దానికి పేరు లేదని ఆమె అంటుంది. అంతే వాక్యం. పెట్టినవాడి హోదా, పిలిచేవాళ్ల లెక్క ఏమీ లేవు. తన చేను అన్న మాట మాత్రం నేనడక్కుండానే పెట్టింది. పహణిలో ఏముందో ఆమెకు తెలుసు. తెలిసే పెట్టింది.

పొద్దున ఆమె వెళ్లిపోయింది, టికెట్ ఉంది కాబట్టి.

చాన్నాళ్లకు పుస్తకం పోస్టులో వచ్చింది. మా మరిది ముందు తీసుకుని తిరగేసి, నాయన పేరు ఎక్కడా లేదని, అంత పొడుగు మాట ఉండి కూడా వాడుకోలేదని విసుక్కుని నాకు ఇచ్చేశాడు. నేను మా అత్త ముందు పేజీ తెరిచి, వేలు పెట్టి, వాక్యం స్పానిష్‌లో ఒకసారి, తెలుగులో ఒకసారి చదివాను. చాలాసేపు చూసింది.

"కొంగు పక్కకు జారిండాది. సర్దుకో అని చెప్పకపోతివే."

"నేను సూల్లేదత్తా."

"మాటలు మాత్రం బాగా సూస్తావు."

పుస్తకం మూసి తన ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టుకుంది. ఇప్పటికీ ఎవరైనా చుట్టాలు వస్తే తీసి చూపిస్తుంది, ఫోటో మాత్రమే. వాక్యం చదవమని నన్ను పిలవదు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఫోటో కాదు. పేరు లేదన్న ఆ మాటను నేను ఆచారం ఖాతాలో వేశాను. మొగుడి పేరు పలకలేని పాత కాలపు మనిషి, పాపం, అని. స్పెయిన్ ఆమె వినయం ఖాతాలో వేసింది. మా మరిది మతిమరుపు ఖాతాలో వేశాడు. వసారాలో ఆమె మా మామ పేరును, తన అత్త పెట్టిన పేరును, నంబరును ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టిన తీరు చూశాక, నా లెక్క మీద నాకే నమ్మకం పోయింది. మూడుసార్లు అడిగాను. ఒకసారి పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంది. పాలు లేవు. ఒకసారి, పిలిస్తే పలుకుతుందా ఏంది చేను అంది. మూడోసారి, "చెప్తే ఏంజేస్తావు, ఇంగో బుక్కులో ఏయిస్తావా?" అంది. నాలుగోసారి అడగడానికి సిద్ధంగానే ఉన్నాను.

అత్తా, ఆ పొద్దు కంచె పక్కన నువ్వు పేరు లేదన్నది మామ పేరు నోటికి రాకనా, లేక ఇంతమంది ఇన్ని పేర్లు పెట్టినా అందులో నువ్వొప్పుకున్నది ఒగటీ లేకనా?